ఆ మాట చెప్పవలసింది మీరు కాదు

హైదరాబాదు నుంచి ఒక కోడలు రాసిన ఉత్తరం సారాంశమిది. తెనాలిలో ఒంటరిగా ఉంటున్న 78 ఏళ్ల అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ తర్వాత, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు కావడంతో ఆమెను నగర శివార్లలోని ఒక వృద్ధాశ్రమంలో చేర్పించారు. నాలుగు వారాలైనా ఆవిడ సరిగ్గా తినడం లేదు, వెళ్లిన ప్రతిసారీ "ఇంటికెప్పుడమ్మా?" అని అడుగుతున్నారు. విశాఖలో ఉన్న ఆడపడుచు ఫోన్లో నిష్ఠూరాలాడుతోంది. "కొన్నాళ్లు వెళ్లడం మానేస్తే ఆవిడ అక్కడ అలవాటు పడతారా? ఇలా చేర్పించడం చట్టప్రకారం తప్పా?" అని ఈమె అడుగుతున్నారు.

అమ్మా, మీ ప్రశ్నలకు జవాబు చిన్నదే. వెళ్లడం మానకండి. చట్టం సంగతికొస్తే, తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకు సంబంధించిన 2007 నాటి చట్టం, వృద్ధులను వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెట్టినవారికి 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అంటుంది గాని, ఖర్చు భరిస్తూ, మందులూ తిండీ కనిపెట్టి చూసుకుంటూ ఆశ్రమంలో ఉంచడాన్ని నేరమనలేదు. అయితే అదే చట్టంలో మీరు చూడవలసిన మాట ఇంకొకటి ఉంది. పోషణ బాధ్యత గల సంతానమంటే ఎవరో చెప్పేచోట కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని రాశారు. కోడలు అని రాయలేదు. మీ ఇంట్లో మాత్రం ఆ బరువంతా మీరొక్కరే తలకెత్తుకున్నారు.

ఉత్తరం చివర, ఏదో మాటవరసకు అన్నట్టు మీరు రాసిన సంగతి దగ్గర నేను ఆగిపోయాను. చేర్పించిన రోజున మీవారు తల్లితో "ఫిజియోథెరపీ కోసం పది రోజులేనమ్మా" అని చెప్పి, కారు నీడలో పెట్టి వస్తానని బయటికి వెళ్లి, మళ్లీ లోపలికి రాలేదు. ఈ నాలుగు వారాల్లో ఒక్కసారైనా వెళ్లలేదు. ఆవిడ తన సంచీని మంచం కింద జిప్పు వేసి ఉంచుకున్నారనీ, పొద్దున అందులోంచి ఒక చీర తీసుకుని, ఉతికి ఆరినదాన్ని సాయంత్రం మడతపెట్టి మళ్లీ అందులోకే సర్దుతున్నారనీ, పక్కనున్న బీరువా ఖాళీగానే ఉందనీ మీరే రాశారు. పది రోజులకని వచ్చిన మనిషి బీరువా ఎందుకు సర్దుకుంటుంది? కొడుకు మాట నమ్మి ఆవిడ ఇంకా ఎదురుచూస్తున్నారు.

మీవారికి తల్లి మీద ప్రేమ లేదని నేననను. "నిన్ను ఇంట్లో ఉంచుకుని చూసుకోలేకపోతున్నానమ్మా" అని ఆవిడ ఎదుట కూర్చుని చెప్పే ధైర్యం లేదు, అంతే. ఆ లోపం బయటపడకుండా ప్రతి ఆదివారం పళ్ల సంచీతో మీరు వెళ్తున్నారు, "ఇంకొన్నాళ్లు ఆగండత్తయ్యా" అని ఆయన అబద్ధాన్ని మీరు పొడిగిస్తున్నారు. అందుకే అందరి నోటా "కోడలు పంపించేసింది" అన్న మాటే వస్తోంది. మొగుడి చెడ్డపేరు తాను మోస్తేనే సంసారం నిలుస్తుందనుకున్న తరం నాది. అందులో గొప్పేమీ లేదని నాకు ఆలస్యంగా తెలిసింది, మీకు ఇప్పుడే తెలిస్తే మంచిది. ఆడపడుచు సంగతి వదిలేయండి. అంత బాధగా ఉంటే రెండు నెలలు విశాఖ తీసుకెళ్లవచ్చు, ఎవరూ అడ్డుపడరు.

వచ్చే ఆదివారం మీవారిని ఒంటరిగా పంపండి. పది రోజులన్నది అబద్ధమని ఆయనే ఒప్పుకోవాలి. ఆవిడ ఏడవవచ్చు, నెల రోజులు మాట్లాడకపోవచ్చు, అదంతా ఆయన పడవలసిందే. తెనాలిలోనే మనిషిని పెట్టుకుని ఉంటానని ఆవిడ అంటే, ఆ మాటను అక్కడికక్కడే కొట్టిపారేయకుండా, రాత్రిళ్లు కూడా ఉండే మనిషి దొరుకుతుందేమో నిజంగా విచారించాలి. మామగారు జిల్లా పరిషత్ పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేశారనీ, కుటుంబ పింఛను వస్తోందనీ, ఏటీఎం కార్డు మీవారి దగ్గర ఉందనీ రాశారు. ఆ కార్డూ, బ్యాంకు పుస్తకమూ ఆవిడకు తిరిగివ్వమనండి. ఆశ్రమానికి కట్టే డబ్బులో కొంతైనా తన పింఛనులోంచి తానే కడితే, ఆ గదిలో ఆవిడ కూర్చునే తీరే మారుతుంది.

ఇక మీ వంతు. ఆవిడకు తెల్లవారుజామున ఐదింటికి కాఫీ పడితే గాని రోజు మొదలవదనీ, అక్కడ ఏడింటికి టీ ఇస్తారనీ రాశారు. తిండి సహించకపోవడానికి నాకు కనిపించే రెండో కారణం ఇదే. మేనేజరుతో మాట్లాడి, ఒక ఫ్లాస్కూ, ఆవిడ ఫిల్టరూ, పొడి డబ్బా ఏర్పాటు చేయించండి. తిథులు చూసుకోవడానికి తెలుగు క్యాలెండరు ఇచ్చి, మీరు వచ్చే రోజులకు ఆవిడ చేతనే గుర్తు పెట్టించండి. అక్కడి నుంచి బయలుదేరేటప్పుడు ఆవిడ కునుకు తీస్తున్నప్పుడు జారుకోకుండా, చెప్పే రండి.

వచ్చే నెల మామగారి తద్దినానికి ఇంటికి తీసుకురావాలా అని సందేహించారు. భర్త తద్దినానికి భార్య ఇంట్లో లేకపోవడమేమిటి? తప్పకుండా తీసుకురండి, కానీ తిరిగి ఏ రోజు వెళ్లేదీ ఆశ్రమంలో బయలుదేరక ముందే మీవారి చేత చెప్పించండి.

ఆ సంచీని మాత్రం మీరు విప్పకండి, ఆయాల చేత విప్పించకండి. ఆవిడే విప్పుకున్న రోజున నాకొక ముక్క రాయండి.