రోబోకు మనసెందుకు అంటున్న నాన్నగారికి

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. మనుషుల భావాలకు స్పందించే రోబోలు తయారు చేస్తానంటోంది. ‘ఏఐ అండ్ రోబోటిక్స్’ బ్రాంచిలో చేర్చాలా, సీఎస్‌ఈలోనా? దేనికి ప్యాకేజీ ఎక్కువ? మరబొమ్మకు ఏడుపూ నవ్వూ నేర్పితే కూడు పెడుతుందా అని మా బావమరిది నవ్వుతున్నాడు.

జవాబు: బావమరిది నవ్వాడని మీకు టెన్షన్. ముందు ఆయన్ని పక్కన పెట్టండి. అమ్మాయిది పిచ్చి కోరిక కాదు.

1990ల చివర్లో అమెరికాలోని ఎంఐటీలో సింథియా బ్రెజీల్ ‘కిస్మెట్’ అనే రోబో తలను తయారు చేశారు. దానికి మాటలు అర్థం కావు. మెచ్చుకుంటున్నారా, కసురుతున్నారా అన్నది గొంతును బట్టి పోల్చుకునేది. ఎవరైనా మరీ మీదికొస్తే తల వెనక్కి లాక్కునేది. అది చూసి ఎదుటివాళ్లు కాస్త జరిగేవాళ్లు, అప్పుడు దాని కెమెరాలకు వాళ్ల మొహం సరిగ్గా అందేది. ఆ చిరాకు సోకు కోసం పెట్టింది కాదండీ, పని జరగడానికి పెట్టింది. ఇలాంటిది చేయాలంటే కోడింగ్ ఒక్కటే చాలదు, సైకాలజీ కూడా రావాలి.

నా అనుమానమల్లా ఈ కొత్త బ్రాంచి పేర్ల మీదే. బోర్డు మార్చి, పాత సిలబస్‌కు రెండు పేపర్లు కలిపి, మేనేజ్‌మెంట్ సీటు అమ్ముకునే కాలేజీలు ఉన్నాయి. మార్కెట్టూ నిలకడ లేనిదే: బ్రెజీల్ గారి కంపెనీయే తెచ్చిన ‘జీబో’ అనే ఇంటి రోబో 2017లో జనం చేతికొచ్చింది, 2019కల్లా కథ ముగిసింది. మొహం చూసి మనసు చదివేస్తాం అనే ప్రచారాన్ని అసలే నమ్మకండి. లోపల ఏడుస్తూ పైకి నవ్వేవాళ్లు మన ఇళ్లల్లో లేరా? ఆఫీసుల్లో, బడుల్లో అలాంటి ఏఐ వాడకాన్ని యూరోపియన్ యూనియన్ 2025 ఫిబ్రవరి నుంచి చాలావరకు నిషేధించింది కూడా.

అందుకే సీఎస్‌ఈ గానీ ఈసీఈ గానీ, ఏ మంచి కాలేజీలో వస్తే అది. పునాది గట్టిగా ఉంటే రోబోల వైపు పీజీలో వెళ్లొచ్చు, కాదనుకుంటే వేరే ఉద్యోగమూ దొరుకుతుంది. మీ ఊళ్లోనే ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ విభాగం ఉంది, ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది. అమ్మాయిని తీసుకెళ్లి అక్కడివాళ్లతో మాట్లాడించండి.

ఇంకోమాట, కోపం తెచ్చుకోకండి. ప్యాకేజీ అడిగారు, బావమరిది మాట రాశారు, పిల్లకు ఏ సబ్జెక్టు ఇష్టమో మాత్రం రాయలేదు. అడిగారా అసలు? వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు మౌస్ ఆ పిల్ల చేతికివ్వండి.