గాజు టేబుల్ మీద గేమింగ్ మౌస్ నడవకపోతే కేసు వేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, ఆన్‌లైన్‌లో ఖరీదైన గేమింగ్ మౌస్ కొన్నాను. పెట్టె మీద 'ఏ ఉపరితలం మీదైనా పనిచేస్తుంది' అని ఉంది. నా గాజు టేబుల్ మీద మాత్రం కర్సర్ ఒకచోట నిలవదు, దూకుతూ ఉంటుంది. కంపెనీ వాళ్లేమో మౌస్‌లో లోపం లేదు, మంచి మౌస్‌ప్యాడ్ కొనుక్కోండి అంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. నోటీసు సంగతి తర్వాత, ముందు ఆ టేబుల్ మీదే ఒక తెల్ల కాగితం పరిచి మౌస్ కదిపి చూడండి. కాగితం మీద కూడా దూకితే మీ పని సులువు, వీడియో తీసి వారంటీ కింద మార్చమని అడగండి. బుద్ధిగా నడిచిందంటే మాత్రం 'పాడైన వస్తువు అంటగట్టారు' అనే వాదన అక్కడితో సరి. దాన్నే పట్టుకుని కోర్టుకెళితే అవతలి లాయరు అదే తెల్ల కాగితం తెచ్చి జడ్జిగారి ముందు పరుస్తాడు.

ఎందుకిలా అంటే, మౌస్ అడుగున ఉన్న సెన్సర్ ఒక బుల్లి కెమెరా. కింద వెలుగు వేసి సెకనుకు వేల ఫొటోలు తీసి, వాటిని ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ ఎటు ఎంత జరిగిందో లెక్క కడుతుంది. బట్టలో నేత, కాగితంలో పీచు దానికి గుర్తులు. నున్నటి గాజులో గుర్తుపట్టడానికి ఏమీ దొరకదు. 1980లలో వచ్చిన తొలి ఆప్టికల్ మౌస్‌లకైతే గళ్లో చుక్కలో అచ్చువేసిన ప్రత్యేకమైన ప్యాడ్ లేనిదే పని జరిగేది కాదు. నా ఆఫీసు టేబుల్ కూడా గాజుదే, ఒక పాత కేసు ఫైలు అట్ట మౌస్ కింద పెట్టుకుని లాగిస్తున్నాను (కేసు ఓడిపోయాం, అట్ట మాత్రం పనికొచ్చింది).

ఇక పెట్టె మీది మాట. 'మెరుపు వేగం', 'తిరుగులేని గురి' లాంటివి వ్యాపారపు గొప్పలు, కోర్టులు మామూలుగా వాటిని హామీగా తీసుకోవు. 'ఏ ఉపరితలం మీదైనా' అన్న మాటను మాత్రం పరీక్ష పెట్టి తేల్చొచ్చు. అమ్మిన వస్తువు చెప్పిన వర్ణనకు తగ్గట్టు ఉండాలనేది వస్తు విక్రయ చట్టాల్లో పాత సూత్రం, వస్తువు పాడవకపోయినా వర్ణన తప్పితే కొన్నవాళ్లకు హక్కు వస్తుంది. మీ బలమంతా అక్కడే ఉంది. అయితే ఆ మాట పక్కన చుక్క గుర్తేమైనా (*) ఉందా, పెట్టె అడుగునో మాన్యువల్‌లోనో చీమ తలకాయంత అక్షరాల్లో 'గాజు, మెరిసే తలాలు మినహా' అని రాశారా, ఓపికగా వెతకండి. రాసి ఉంటే కేసు పూర్తిగా పోదు గానీ బాగా బలహీనపడుతుంది.

కొనేముందు 'నాది గాజు టేబుల్' అని అమ్మినవాళ్లకు చెప్పారా? మీ ప్రశ్నలో ఆ ముక్క లేదు. 1939లో ఇంగ్లండ్‌లో ఒకావిడ ట్వీడ్ (గరుకు ఉన్ని బట్ట) కోటు కొంటే చర్మవ్యాధి వచ్చింది. ఆవిడ చర్మం మామూలు కంటే బాగా సున్నితమైనదని, మామూలు వాళ్లకు ఆ కోటు ఏమీ చేయదని తేలింది. ఆ సంగతి షాపువాళ్లకు ముందే చెప్పలేదు కాబట్టి కేసు ఓడిపోయింది. పెట్టె మీద ఆ మాటే లేకపోయుంటే మీ గతీ ఇంతే.

కాబట్టి ప్యాడ్ కొనేటప్పుడైనా ముందు చాట్‌లో మీ వివరాలు రాసి, ఏది సరిపోతుందో అడగండి: మౌస్ మోడల్ ఏది, ఏ ఆట ఆడతారు, సెన్సిటివిటీ (చెయ్యి కాస్త కదిపితే కర్సర్ ఎంత జరగాలన్నది) తక్కువ పెట్టుకుని చెయ్యంతా తిప్పుతారా, మణికట్టుతో సరిపెడతారా. చెయ్యంతా తిప్పేవాళ్లకు పెద్ద ప్యాడ్ కావాలి. గురి చూసి ఆపాల్సిన ఆటలకు నా ఓటు క్లాత్ ప్యాడ్‌కే, గట్టి ప్లాస్టిక్ ప్యాడ్ మీద మౌస్ తేలిగ్గా జారిపోతుంది. గేమింగ్ కోసం గాజు ప్యాడ్లూ అమ్ముతారు, వాటి పైభాగాన్ని సన్నగా గరుకు చేస్తారు కాబట్టి కొత్త సెన్సర్లు చాలావరకు చదవగలవు, కానీ మీ మౌస్ చదువుతుందో లేదో రాతపూర్వకంగా చెప్పించుకోండి. గట్టి ప్యాడ్ల మీద మౌస్ అడుగున ఉండే స్కేట్లు (జారడానికి అతికించే నున్నటి ముక్కలు) త్వరగా అరుగుతాయి, క్లాత్ ప్యాడ్ చెమట పీల్చి చెయ్యి ఆనే చోట మందగిస్తుంది. వాడకంతో వచ్చే అరుగుదలకు వారంటీ మామూలుగా వర్తించదు, దాని మీద గొడవకు దిగి టైమ్ పాడుచేసుకోకండి.

రిటర్న్ గడువు ఇంకా ఉంటే పైన చెప్పిన వాదనలేవీ అక్కర్లేదు, ఇవాళే వెనక్కి పంపేయండి. దాటిపోతే బిల్లు, పెట్టె మీది ఆ లైను ఫొటో, వెబ్‌సైట్‌లో అదే మాట ఉంటే దాని స్క్రీన్‌షాట్ (వాళ్లు మార్చేలోగా), కాగితం మీదా గాజు మీదా నడిపిన రెండు వీడియోలు జతచేసి అమ్మినవాళ్లకీ కంపెనీకీ మెయిల్ పెట్టండి, 15 రోజులు టైమ్ ఇవ్వండి. మెయిల్‌లో 'మౌస్ పాడైంది' అని మాత్రం రాయకండి, 'పెట్టె మీద చెప్పినట్టు పనిచేయడం లేదు' అని రాయండి.