కాన్ఫరెన్స్‌కి వెళ్లే ముందు వీసా లెక్క చూసుకోండి

ప్రశ్న: ఇండియాలో ఎంబీబీఎస్ చేసి, అమెరికాలో ఒక మెడికల్ స్కూల్‌లో రెండేళ్లుగా పోస్ట్‌డాక్‌గా (డిగ్రీ తర్వాత మెంటర్ దగ్గర చేసే పరిశోధక ఉద్యోగం) ఉన్నాను. ఇంకా వీసా మీదే ఉన్నాను. వచ్చే నెల మా యూనివర్సిటీలో క్లినికల్, ట్రాన్స్‌లేషనల్ (ల్యాబ్ ఫలితాల్ని చికిత్స దాకా తీసుకెళ్లే) రీసెర్చ్ కెరీర్ల మీద కాన్ఫరెన్స్ ఉంది. నా పోస్టర్‌ని తీసుకున్నారు. ల్యాబ్ పని వదులుకుని వెళ్తే నాకు ఒరిగేదేమైనా ఉంటుందా?

జవాబు: తప్పకుండా వెళ్లండి. కాకపోతే ఏ సెషన్‌లో కూర్చోవాలో ముందే తేల్చుకోండి. ఇలాంటి చోట్ల జనం ఎగబడేది ఎన్‌ఐహెచ్ (వైద్య పరిశోధనకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) ఇచ్చే 'కె' అవార్డుల సెషన్‌కే. పరిశోధకులుగా ఎదగడానికి ఇచ్చే గ్రాంట్లు ఇవి. అక్కడ ఎక్కువగా వినిపించే కె08, కె23 అనే రెండు రకాలకూ అవార్డు చేతికొచ్చే నాటికి అమెరికా పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. ఈ సంగతి వేదిక మీద ఎవరూ చెప్పకపోవచ్చు. అక్కడున్న చాలామందికి అది సమస్యే కాదు మరి.

మీ దారి కె99/ఆర్00 అనే మరో రకం కె అవార్డు. దీనికి పౌరసత్వం అడగరు. మొదట రెండేళ్ల దాకా మెంటర్ దగ్గర, ఆ తర్వాత ఫ్యాకల్టీ ఉద్యోగం దొరికితే మూడేళ్ల దాకా సొంతంగా పరిశోధన చేసుకోవచ్చు. చిక్కంతా గడువుతోనే. పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు దాటకూడదన్నది ఇంతకాలంగా ఉన్న నియమం. తిరస్కరించాక మళ్లీ వేసే దరఖాస్తు కూడా ఆ నాలుగేళ్లలోపే పడాలి. కొత్త దరఖాస్తులు మామూలుగా ఫిబ్రవరి 12, జూన్ 12, అక్టోబర్ 12 తేదీల్లో తీసుకుంటారు. రివ్యూ అయి, కామెంట్లు చేతికొచ్చి, దిద్ది మళ్లీ పంపేసరికి నెలలు గడిచిపోతాయి. అందుకే మీకు మిగిలిన రెండేళ్లు కనిపించినంత ఎక్కువేం కాదు. నియమాలు మారుతుంటాయి కాబట్టి తాజా నోటిఫికేషన్‌తో సరిచూసుకోండి.

ప్రోగ్రామ్‌లో మాక్ స్టడీ సెక్షన్ (గ్రాంటు దరఖాస్తుల్ని రివ్యూ చేసే సమావేశానికి నమూనా) ఉంటే మాత్రం వదలొద్దు. ముఖ్యోపన్యాసం పోయినా నష్టం లేదు. ఇక్కడ రివ్యూవర్లు 1 నుంచి 9 దాకా ఎలా మార్కులు వేస్తారో కళ్లారా చూడొచ్చు (1 అంటే అత్యుత్తమం). కొత్తవాళ్లు రీసెర్చ్ ప్లాన్ మీదే ప్రాణం పెడతారు. కె దరఖాస్తులో మాత్రం అభ్యర్థినీ, శిక్షణ ప్రణాళికనూ, మెంటర్నూ, సంస్థనూ కూడా విడివిడిగా తూస్తారు. కోర్సుల పేర్లు వరసగా రాసేసి, అవి మీలో ఏ లోటు పూడుస్తాయో చెప్పకపోతే అక్కడే దెబ్బ పడుతుంది. మెంటర్ ప్రాజెక్టుకీ మీ ప్రాజెక్టుకీ తేడా కనబడకపోయినా అంతే.

మెంటర్లతో ముఖాముఖికి ఒక్కొక్కరికీ దొరికేది కొద్ది నిమిషాలే. స్పెసిఫిక్ ఎయిమ్స్ పేజీ (దరఖాస్తులో మీ పరిశోధన లక్ష్యాలు చెప్పే పేజీ) ప్రింట్ తీసి పట్టుకెళ్లండి. "నాకేమైనా సలహా ఇవ్వండి" అంటే మర్యాదపూర్వకమైన మాటలు తప్ప ఏమీ రావు. "మొదటి ఎయిమ్‌లో బయోమార్కర్ (జబ్బును పట్టిచ్చే, కొలవగలిగే గుర్తు) తేలకపోతే రెండోది నిలబడుతుందా?" అని అడగండి. ఒకటి కూలితే అన్నీ కూలేలా ఎయిమ్స్ పేర్చడం రివ్యూవర్లు ఇట్టే పట్టేసే లోపం. ఫలితం ఎటు వచ్చినా పనికొచ్చేలా రెండో ఎయిమ్ రాసుకుంటే ఆ బెడద ఉండదు.

ఇక పోస్టర్. బోర్డు కొలత నిర్వాహకుల్ని అడిగాకే డిజైన్ మొదలుపెట్టండి. అక్షరాలు 24 పాయింట్లకు తగ్గకుండా చూసుకోండి. స్కాన్ బొమ్మ పెడుతుంటే నాలుగు మూలలూ జూమ్ చేసి చూడండి. పేషెంట్ పేరు, ఆసుపత్రి నంబరు, తీసిన తేదీ అక్కడే చిన్న అక్షరాల్లో ఉండిపోతాయి. పైన నల్ల డబ్బా అతికిస్తే చాలదు, ఫైల్లో కింద అసలు అక్షరాలు అలాగే ఉంటాయి. ఆ భాగాన్ని కత్తిరించి, మళ్లీ బొమ్మగా సేవ్ చేయండి.

మీ పనిలో పేటెంట్‌కి అవకాశం ఉంటే ప్రింటింగ్‌కి ఇచ్చేలోపే యూనివర్సిటీలో పేటెంట్ల వ్యవహారాలు చూసే టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుతో మాట్లాడండి. పోస్టర్ గోడకెక్కితే బహిరంగంగా వెల్లడించినట్టే. ఆ తర్వాత పేటెంట్‌కి దరఖాస్తు వేయడానికి అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంటుంది కానీ, యూరప్‌లో పేటెంట్ అవకాశం దాదాపు పోయినట్టే. మీ పోస్టర్ సారాంశాన్ని (అబ్‌స్ట్రాక్ట్) ముందే అందరికీ కనబడేలా పెడుతుంటే లెక్క ఆ రోజు నుంచే మొదలు, కాబట్టి ఆ తేదీ కూడా నిర్వాహకుల్ని ఇప్పుడే అడగండి.