ప్రొస్టేట్ ఆపరేషన్ తర్వాత ఆ గొట్టం ఎన్నాళ్లు?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. క్యాన్సర్ వల్ల ప్రొస్టేట్ గ్రంథిని పూర్తిగా తొలగించి, క్యాథెటర్‌తో (మూత్రం సంచిలోకి పోయేలా మూత్రాశయంలో పెట్టే గొట్టం) ఇంటికి పంపారు. సంచిలో మూత్రం ఎర్రగా కనిపిస్తే భయమేస్తోంది.

జవాబు: గ్రంథిని తీశాక మూత్రాశయాన్ని మూత్రనాళంతో కలిపి కుట్టిన చోటు మానేవరకు, సాధారణంగా 7 నుంచి 14 రోజులు, ఆ గొట్టం ఉండాల్సిందే. విరేచనానికి ముక్కినప్పుడో, కాస్త ఎక్కువగా నడిచినప్పుడో మూత్రం లేత ఎరుపుగా రావడం, గొట్టం పక్కనుంచి కొన్ని చుక్కలు కారడం మామూలే. నీళ్లు బాగా తాగితే రంగు తేలికపడుతుంది. సంచి ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి. గొట్టాన్ని తొడకు ప్లాస్టర్‌తో అంటించి, వదులుగా లుంగీ కట్టుకుంటే లాగినట్లుండదు. గొట్టం ఎక్కడా మడతపడకపోయినా 2 గంటలపాటు సంచిలోకి చుక్క రాకపోతే, పెద్ద రక్తపు గడ్డలు పడితే, లేదా జ్వరం వస్తే ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు వెంటనే చెప్పండి. గొట్టం జారిపోతే మాత్రం దయచేసి దగ్గర్లో ఎవరితోనో మళ్లీ పెట్టించకండి. లోపలి కుట్లు దెబ్బతింటాయి. గొట్టం తీశాక కొన్ని వారాలు, కొందరికి నెలలపాటు, దగ్గినా లేచినా మూత్రం కారుతుంది. ఆ సంగతి నాన్నగారికి ఇప్పుడే చెప్పి ఉంచండి. సిగ్గుపడి నీళ్లు తాగడం మానేయకుండా చూసుకోండి.