బడిలో మొదటి గంట పిల్లలదే

అమ్మలూ,

నిన్న ఫోన్లో నీ గొంతు విని మనసు చివుక్కుమంది. టీచర్ ఉద్యోగానికి డీఎస్సీ పరీక్ష కోసం అన్నేళ్లు చదివిన పిల్లవి, "మామయ్యా, పొద్దుటి నుంచి పై ఆఫీసుకు పంపే ఫొటోలూ ఫార్మాట్లే, ఇక పాఠం ఎప్పుడు చెప్పను?" అన్నావు. ముప్పై రెండేళ్లు బడిలో ఉన్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

అన్ని కాగితాలనూ ఒక్క గాటన కట్టకు. మధ్యాహ్న భోజనం లెక్క ఆలస్యమైతే పిల్లల కంచంలో తేడా వస్తుంది. అడ్మిషన్ రిజిస్టర్‌లో పుట్టిన తేదీ తప్పు పడితే అది పదో తరగతి సర్టిఫికెట్ దాకా వెంటాడుతుంది. నేను కొత్తలో హడావిడిగా రాసిన ఒక తేదీని సరిచేయించడానికి ఒక కూలీ తండ్రి ఎన్ని రోజుల పని మానుకుని తిరిగాడో నాకింకా గుర్తే. అలాంటివి నిదానంగా, నువ్వే రాయి.

మిగతావి చాలావరకు ఒకే వివరాన్ని పది రకాలుగా అడిగేవి. ఒక లావుపాటి లాంగ్ నోట్‌బుక్ కొనుక్కో. పిల్లకొక వరుస: పుట్టిన తేదీ, ఆధార్, బ్యాంకు ఖాతా, ఎత్తు, బరువు, బూట్ల సైజు. చివరి పేజీలో బడి యూడైస్ కోడ్ (ప్రభుత్వ లెక్కల్లో బడికిచ్చే నంబరు), గదులు, కుళాయిలు, బెంచీలు. నెల మొదట్లో ఒకసారి సరిచూసుకో. ఏ ఫార్మాట్ వచ్చినా అందులోంచి ఎక్కించడమే. నాకు పూట పట్టే పని అరగంటకు దిగింది.

గ్రూపులో "వెంటనే పంపగలరు" అని వస్తే టెన్షన్ పడకు. చుట్టుపక్కల బడుల సమాచారం చూసే సీఆర్పీకి ఫోన్ చేసి, "చివరి తేదీ ఎప్పుడండీ? పోయిన వారం పంపినదే కదా?" అని మర్యాదగా అడుగు. కొన్ని అక్కడే తేలిపోతాయి.

హాజరు, భోజనం లెక్క పంపేశాక ఫోన్ బీరువాలో పెట్టు. ఇంటర్వెల్ బెల్లు దాకా తీయకు. ఆ సమయం చదవడం రాని పిల్లలది. నేను రిపోర్టులు రాస్తూ కూర్చున్న ఒక ఏడాది, వెనక బెంచీలో కుర్రాడు అక్షరాలు కలపడం రాకుండానే పై తరగతికి వెళ్లాడు. ఆ బాధ నాకు పోలేదు.

2009 విద్యాహక్కు చట్టం ఒకసారి చదువు. సెక్షన్ 27 ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికల పనులు తప్ప చదువుతో సంబంధం లేని పనులకు టీచర్లను వాడకూడదు. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలనీ ఆ చట్టమే చెబుతుంది. అంటే రోజుకు నాలుగు గంటలు. పోట్లాటకు దిగమని కాదు. పోయిన పీరియడ్లను డైరీలో రాసి, నెలాఖరున మండల విద్యాధికారి (ఎంఈవో) గారికి చూపించు. నేనలా చూపించాక మా మండలంలో రిపోర్టులన్నీ శనివారం ఒక్కరోజే తీసుకోవడం మొదలుపెట్టారు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకురా. మనిద్దరం కూర్చుని గళ్లు గీద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య