టెక్ సందేహాలు: జనం రాగానే కార్డ్‌లెస్ మైక్ ఎందుకు మూగబోతోంది?

ప్రశ్న: మాది ప్రైవేటు స్కూలు. యానివర్సరీ కోసం నాలుగు మైకుల డిజిటల్ కార్డ్‌లెస్ సెట్ కొన్నాం. బాక్సు మీద 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంది. ముందురోజు రిహార్సల్‌లో చక్కగా పలికింది. మర్నాడు తల్లిదండ్రులు వచ్చి కూర్చున్నాక మాట మధ్యలో తెగిపోవడం మొదలైంది. రిసీవర్ (మైక్ సిగ్నల్ అందుకునే పెట్టె) హాలు చివర, మిక్సర్ పక్కన టేబుల్ మీద పెట్టాం. సెట్ మార్చేయమంటారా?

జవాబు: అప్పుడే మార్చకండి సార్. ముందురోజుకీ మర్నాటికీ హాల్లో మారింది జనమే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మనిషి ఒంట్లోని నీరు బాగా పీల్చేస్తుంది. ఖాళీ కుర్చీల మీదుగా తిన్నగా వచ్చిన సిగ్నల్‌కి మర్నాడు అంతమంది అడ్డం కూర్చున్నారు. పైగా ప్రతి చేతిలో ఫోన్. బ్లూటూత్‌తో పాటు చాలా వైఫైలు, హాట్‌స్పాట్లు వాడుకునేది 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న ఆ కాస్త జాగానే. మీ నాలుగు మైకులూ అందులోనే దూరాలి.

పాత అనలాగ్ మైక్ అయితే సిగ్నల్ తగ్గేకొద్దీ బుస్సుమనే రొద పెరిగి ముందే తెలిసిపోయేది. డిజిటల్ అలా చెప్పదు. చివరిదాకా శుభ్రంగా వినిపించి, డేటా అందని క్షణంలో ఠక్కున ఆగిపోతుంది. కాబట్టి రిహార్సల్‌లో బాగా వినపడినంత మాత్రాన సిగ్నల్ బలంగా ఉన్నట్టు కాదు. చెవిని నమ్మకుండా రిసీవర్ మీది సిగ్నల్ గీతలు చూడాలి.

ముందు రిసీవర్‌ను స్టేజీ పక్కకు తెచ్చేయండి. అక్కడి నుంచి మిక్సర్ దాకా ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మూడు పిన్నుల మైక్ కేబుల్) లాగండి. ఆ కేబుల్‌లో 30 మీటర్లు పోయినా శబ్దం చెడదు. అదే 30 మీటర్లు జనం మధ్యలోంచి గాల్లో రావాలంటేనే తిప్పలన్నీ. రిసీవర్ తలల కంటే ఎత్తున ఉండాలి, స్టేజీ మీది మైకులు దానికి కంటికి కనపడాలి. బయటికి యాంటెన్నాలు ఉంటే రెండింటినీ చెరో పక్కకు వాల్చి ‘వి’ ఆకారంలో పెట్టండి. ఇనప బీరువాలోనో, ఎల్‌ఈడీ తెర వెనకో, వైఫై రౌటర్ పక్కనో పెట్టొద్దు. స్కూలు రౌటర్‌లో 2.4 ఆపేసి 5 గిగాహెర్ట్జ్ మీద నడిపితే ఆ పూటకి ఇంకొంచెం జాగా దొరుకుతుంది.

పిల్లలు మైక్ పట్టుకునే తీరు కూడా చూడండి. చాలా హ్యాండ్ మైకుల్లో యాంటెన్నా అడుగు భాగంలో ఉంటుంది. చిన్నపిల్లలు సరిగ్గా అక్కడే రెండు చేతులతో బిగించి పట్టుకుంటారు. నడుముకు కట్టే ట్రాన్స్‌మిటర్‌తో మరో చిక్కు. కూచిపూడి అమ్మాయికి కట్టి, పైన వడ్డాణం బిగిస్తే ఆ లోహమే సిగ్నల్‌ను ఆపేస్తుంది. వడ్డాణానికి కాస్త పైన, రిసీవర్ ఉన్న వైపుకు కట్టండి. యాంటెన్నా తీగను మడిచి చీర కుచ్చిళ్లలో దోపొద్దు.

శబ్దం స్థాయి ఒక్కసారి ఓపిగ్గా పెట్టుకుంటే చాలు. అందరికంటే గట్టిగా అరిచే పిల్లాడి చేత డైలాగ్ చెప్పించి, మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా మైక్ గెయిన్ (శబ్దాన్ని ఎంత పెంచాలనే సెట్టింగ్) సర్దండి. రిసీవర్ వెనక మైక్, లైన్ అని స్విచ్ ఉంటుంది. మిక్సర్‌లో మైక్ ఇన్‌పుట్‌కి కలిపితే మైక్ వైపే ఉంచండి. లైన్ వైపు ఉంటే గొంతు పగిలినట్టు వస్తుంది, అందరూ మైక్‌నే తిడతారు. ఆ చానెల్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మిక్సర్ కేబుల్ ద్వారా మైక్‌కి పంపే కరెంటు) ఆపేయండి.

తర్వాత లైట్లు, తెర, రౌటర్ అన్నీ ఆన్‌లో పెట్టి, ఒకరు మైక్‌లో మాట్లాడుతూ స్టేజీ మూలమూలకీ నడవాలి, ఇంకొకరు రిసీవర్ గీతలు చూస్తూ ఉండాలి. మైక్‌కీ రిసీవర్‌కీ మధ్య నలుగురైదుగురిని నిలబెట్టి మళ్లీ చూడండి. గీతలు సగానికి పడిపోయే చోటు తెలిస్తే అటు పిల్లల్ని నిలబెట్టకండి, లేదా రిసీవర్‌నే జరపండి. ఇంత చేసినా తెగుతుంటే అప్పుడు యూహెచ్‌ఎఫ్ సెట్ (2.4 గిగాహెర్ట్జ్ కంటే బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ మీద నడిచేది) గురించి ఆలోచించండి.

ప్రశ్న: మా గుడిలో ప్రవచనాలకు, భజనలకు ఆరు మైకుల యూహెచ్‌ఎఫ్ సెట్ కొనాలనుకుంటున్నాం. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: ముందు లేబుల్ మీద ఫ్రీక్వెన్సీ చదవండి. 703-748, 758-803 మెగాహెర్ట్జ్ ఇప్పుడు మొబైల్ కంపెనీలవి. 2022 వేలంలో జియో 700 బ్యాండ్ కొని 5జీకి వాడుతోంది. సెట్ ఆ పరిధిలో పనిచేసేదైతే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. టవర్ దగ్గర్లో ఉంటే రోజూ టెన్షనే.

యూహెచ్‌ఎఫ్‌లో కలిసొచ్చేది తరంగం పొడవు. 500 మెగాహెర్ట్జ్ దగ్గర అది 60 సెంటీమీటర్లు, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పన్నెండున్నరే. పొడవైన తరంగం మనుషుల్ని చుట్టుకుని రాగలదు. కాకపోతే ఆరు మైకులకు ఫ్రీక్వెన్సీలు తోచినట్టు పెట్టకూడదు. 520, 521 మీద రెండు మైకులు పక్కపక్కన నడుస్తుంటే వాటి కలయిక వల్ల 519, 522 దగ్గర లేని సిగ్నల్స్ పుడతాయి. మూడోదాన్ని 522 మీద పెడితే అది ఇబ్బంది పడుతుంది. ఆ లెక్కలన్నీ కట్టి ఒకదానికొకటి అడ్డురాని ఫ్రీక్వెన్సీలను కంపెనీవాళ్లే గ్రూపులుగా ఇస్తారు, ఆరింటినీ ఒకే గ్రూపులోంచి తీసుకోండి. మైకులన్నీ ఆపి, ఖాళీ ఫ్రీక్వెన్సీ కోసం రిసీవర్‌లో స్కాన్ చేయండి, మొదటి మైక్‌ను దానికి సింక్ చేసి (అదే ఫ్రీక్వెన్సీకి కలిపి) ఆన్‌లోనే ఉంచండి, తర్వాత రెండోదానికి వెళ్లండి. మొదటిది ఆపేస్తే రెండో స్కాన్‌లో ఆ చోటు ఖాళీగా కనపడి రెండూ ఢీకొంటాయి.

ప్రశ్న: వంటల వీడియోలకు టైప్-సి కాలర్ మైక్ కొన్నాను. గ్రీన్ లైట్ వెలుగుతోంది. కానీ వీడియోలో నా గొంతు కన్నా మిక్సీ చప్పుడే ఎక్కువ!

జవాబు: మీ ఫోన్ ఇంకా సొంత మైక్‌తోనే రికార్డు చేస్తున్నట్టుందమ్మా. రికార్డింగ్ పెట్టి కాలర్ మైక్‌ను గోటితో మెల్లగా గీకండి, తర్వాత ఫోన్ అడుగు భాగాన్ని గీకండి. ఏది పెద్దగా వినపడితే పనిచేస్తున్నది అదే. ఆ గ్రీన్ లైట్‌కి అర్థం మైకూ, ఫోన్‌కి గుచ్చిన రిసీవరూ ఒకదాన్నొకటి కలుసుకున్నాయని మాత్రమే. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓటీజీ (బయటి పరికరాలను ఫోన్‌కి కలిపే సదుపాయం) ఆన్ చేయాలి. శాంసంగ్‌లో ప్రో వీడియో మోడ్ ఉంటే అందులో యూఎస్‌బీ మైక్ ఎంచుకోవచ్చు. మీ కెమెరాలో అలాంటిదేమీ లేకపోతే ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ వేసుకుని, ఆడియో సోర్స్‌లో ఎక్స్‌టర్నల్ మైక్ పెట్టండి.

ప్రశ్న: మైక్‌లో రీచార్జబుల్ పెన్సిల్ సెల్స్ వాడుతున్నా. బ్యాటరీ ఫుల్ చూపిస్తూనే ఉన్నట్టుండి ఆగిపోతోంది.

జవాబు: అవి 1.5 వోల్టుల లిథియం సెల్స్ అయి ఉంటాయి. లోపలి చిన్న సర్క్యూట్ చివరిదాకా 1.5 వోల్టులే ఇస్తుంది. మైక్ వోల్టేజీ చూసి చార్జింగ్ అంచనా వేస్తుంది కనుక అయిపోయే ముందు కూడా ఫుల్ అనే చూపిస్తుంది. మామూలు ఆల్కలైన్ గానీ, 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ గానీ వాడండి. మైక్ మెనూలో బ్యాటరీ రకం అనే సెట్టింగ్ ఉంటే అందులో మీరు వేసిన రకాన్నే ఎంచుకోండి.