సెల్లార్‌లో కుక్క ఈనింది: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. మణికొండలో మీరు కొత్తగా చేరిన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక వీధికుక్క అయిదు పిల్లలను పెట్టిందనీ, నువ్వు రోజూ అన్నం పెడుతుంటే అసోసియేషన్ కార్యదర్శి వచ్చి గొడవపడ్డాడనీ, జాలి లేని మనుషుల మధ్య ఎలా బతకాలో తెలియడం లేదనీ రాశావు. ముప్పై రెండేళ్లు పశువైద్యం చేసి, అందులో సగానికి పైగా హైదరాబాదులోనే గడిపినవాణ్ణి కాబట్టి నా మాట కాస్త కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకు. ఆ కార్యదర్శి మీద కోపం కాసేపు పక్కన పెట్టి ఒక్క సంగతి ఆలోచించు. నువ్వు పండక్కి ఊరెళ్లిన వారం రోజులూ, రేపెప్పుడో మీరు ఇల్లు మారాకా, ఆ కుక్క బతకవలసింది ఆయన లాంటివాళ్ల మధ్యనే. అందుకని నగరంలో ఏ జీవికి ఏ ఉపకారం చేయబోయినా, దానివల్ల ఇరుగుపొరుగుకు ఆ జీవి మీద విసుగు పెరుగుతుందా తగ్గుతుందా అన్నది ముందు చూసుకోవాలి. కర్ర దెబ్బలు తిని, వేడి నీళ్లు పోయించుకుని, విషం తిని నా బల్ల మీదికి వచ్చిన వీధికుక్కల్లో చాలావాటికి రోజూ ప్రేమగా అన్నం పెట్టేవాళ్లు ఉండేవారు. వాళ్లే ఏడుస్తూ తీసుకొచ్చేవారు.

తిండి పెట్టడం తప్పేమీ కాదు. చట్టమూ కాదనలేదు. అయితే ఎక్కడ పెట్టాలన్నదానికి ఒక పద్ధతి చెప్పింది. 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం, పిల్లలు ఆడుకునే చోటుకూ, మెట్లకూ, రాకపోకల దారికీ దూరంగా ఒక స్థలాన్ని నివాసుల సంఘం నిర్ణయించాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు కూడా కుక్కలకు తిండి పెట్టేందుకు ప్రత్యేక స్థలాలు కేటాయించాలనీ, వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదనీ చెప్పింది. కాబట్టి లిఫ్టు పక్కన పళ్లెం పెట్టడం ఈ రోజు నుంచే మానేసి, నువ్వే ఆ కార్యదర్శి ఇంటికి వెళ్లి, జనరేటర్ గది వెనక లాంటి ఒక మూలను ఆయన చేతనే చూపించుకో. తాను చూపించిన చోటు మీద మనిషికి అంత తొందరగా కోపం రాదు. స్కూలు బస్సులు రాకముందు ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి పెట్టి, పావుగంటలో తినకుండా మిగిలింది ఎత్తేసి, నేల కడిగి రావాలి. మసాలా, ఉప్పు పడని అన్నంలో పెరుగో ఉడికించిన గుడ్డో కలిపితే చాలు. ఉడికిన కోడి ఎముకలు నిలువునా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి కనుక అవి వద్దు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషంతో సమానం. బిస్కెట్లు పెట్టి పుణ్యం మూటగట్టుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. పాలిచ్చే తల్లికి మామూలు కంటే రెండు మూడింతల తిండి కావాలి, ఎప్పుడూ మంచినీళ్లు అందుబాటులో ఉండాలి.

అన్నం పెట్టడం తేలిక పని. అసలు పని ఆపరేషన్ చేయించడం. ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, దాదాపు రెండు నెలలు మోసి ఈనుతుంది. అంటే ఇప్పుడు నీ సెల్లార్‌లో ఉన్న ఒక్క తల్లి వచ్చే ఏడాదికి ఎన్ని నోళ్లవుతుందో నువ్వే లెక్క వేసుకో. అది ఎదకు వచ్చినప్పుడు చుట్టుపక్కల వీధుల మగకుక్కలన్నీ మీ గేటు ముందు చేరి రాత్రంతా కొట్లాడుకుంటాయి. జనం కర్రలు తీసేది అప్పుడే. కరిచే కుక్క అని పేరుపడేది చాలాసార్లు పిల్లల దగ్గరికి ఎవరినీ రానివ్వని తల్లే. పిల్లలు పాలు మానేదాకా, కనీసం రెండు నెలలు, దాన్ని కదిలించవద్దు. ఆ తరువాత మున్సిపల్ కార్పొరేషన్ వెటర్నరీ విభాగానికి ఫిర్యాదు రూపంలో కాకుండా, ఆపరేషన్ చేయించమని కోరుతూ అర్జీ పెట్టు. వాళ్లు తీసుకెళ్లి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గాయం మానేదాకా కొన్ని రోజులు ఉంచుకుని, గుర్తుగా చెవి అంచున చిన్న గాటు పెట్టి, పట్టుకున్న చోటనే తిరిగి వదలాలి. వేరే చోట వదిలేసి రమ్మని మీ వాళ్లు బతిమాలతారు, ఒప్పుకోకు. ఆ ఖాళీలోకి వారం తిరక్కుండా ఆపరేషన్ లేని, టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి, గొడవ మళ్లీ మొదటికి వస్తుంది. బండి వచ్చిన రోజు నువ్వు తప్పకుండా అక్కడ ఉండాలి. రోజూ అన్నం పెట్టే చెయ్యి పిలిస్తే ఆ కుక్క వలతో పని లేకుండా వస్తుంది, బెదిరిపోదు, మళ్లీ నమ్ముతుంది. అన్నం పెట్టినందుకు నీకు దక్కే అసలైన ప్రయోజనం ఈ చనువే అని నా అభిప్రాయం.

పిల్లల్ని మొదటి మూడు వారాలు ఎత్తుకుని ఆడించవద్దు. ఆరు వారాలు దాటాక పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక జబ్బులకు టీకాలూ, మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలి. ఈలోగా నమ్మకమైన ఇళ్లు దొరికితే ఎనిమిది వారాల తరువాత ఇవ్వవచ్చు. మన వీధికుక్క పిల్ల ఇక్కడి ఎండకు తట్టుకున్నట్టు, ఏసీ గదిలో రొప్పుతూ పడుకునే చలిదేశపు జాతులు తట్టుకోలేవు.

ఇక రేబిస్ విషయం నువ్వే కాదు, నీ అంతస్తులో అందరికీ తెలియాలి. కుక్క గానీ పిల్లి గానీ కరిస్తే, గోళ్లతో గీరినా సరే, వెంటనే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకూడదు, కట్టు కట్టకూడదు. ఆ తరువాత అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లోనూ, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలోనూ ఈ టీకాలు వేస్తారు. చర్మం చీలి రక్తం వచ్చేలా గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే మందు) కూడా ఇవ్వాలి, అది అడిగి వేయించుకోవాలి. వరుసలో ఒక్క డోసు కూడా ఎగ్గొట్టకూడదు. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకని జబ్బు ఇది. ఈ సంగతులు ఒక కాగితం మీద రాసి మీ ఫ్లాట్ల నోటీసు బోర్డులో అంటించు. కుక్కలను ప్రేమించే మనిషి రేబిస్ గురించి మాట్లాడితే అసోసియేషన్ వాళ్లకు నీ మీద గౌరవం కలుగుతుంది.

ఇప్పుడు నువ్వు అడగని ఒక విషయం రాస్తాను, ఎందుకంటే కుక్కల గొడవకు మూలం అదే. మీ గేటు బయట మాంసం వ్యర్థాలూ మిగిలిన బిర్యానీ ప్యాకెట్లూ పడి ఉన్నంత కాలం, నువ్వు అన్నం పెట్టినా మానినా కుక్కలు వస్తాయి, ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. ఆవుల సంగతి మరీ దారుణం. ఉల్లి తొక్కలూ, అరటి తొక్కలూ కవర్లో వేసి ముడివేసి పడేస్తే, ఆవు ముడి విప్పుకోలేదు కనుక కవరుతో సహా మింగుతుంది. అది అరగదు, పేడతో బయటికి పోదు, మొదటి పొట్టలో తాడులా పెనవేసుకుని ముద్దకట్టి మేతకు చోటు లేకుండా చేస్తుంది. కడుపు నిండుగా కనిపిస్తూనే ఆవు ఎముకల గూడవుతుంది. పొట్ట కోసి అలాంటి ముద్దలను రెండు చేతులతో లాగి తీసినవాణ్ణి నేను. ఆ కంపు ఇప్పటికీ జ్ఞాపకం. వాటిలో పిన్నీసులూ ఇనుప తీగ ముక్కలూ కూడా దొరికేవి. తేనెపట్టు గదుల్లా ఉండే రెండో పొట్ట గుండెకు ఆనుకునే ఉంటుంది, మధ్యలో ఉన్నది పలుచని పొర మాత్రమే. తీగ ముక్క ఆ గోడను పొడుచుకుని ముందుకు జరిగితే నేరుగా గుండెకు తగులుతుంది. ఆ దశలో వచ్చిన పశువును మేము ఎక్కువసార్లు దక్కించుకోలేకపోయాం. కాబట్టి తడి చెత్తను కవర్లో కట్టకుండా డబ్బాలోనే స్వచ్ఛ ఆటోకు ఇవ్వు. బ్లేడ్లు, పగిలిన గాజు, సూదులు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వు. 120 మైక్రాన్ల కంటే పలుచని క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిషేధం. కూరగాయల బండివాడు ఇస్తున్నాడని తీసుకోకుండా గుడ్డ సంచి చేతిలో పెట్టుకుని వెళ్లు.

పాము కనబడితే చంపడానికి ఎవరినీ పిలవవద్దు. మణికొండ చుట్టూ ఉన్న రాతిగుట్టలు మొన్నటిదాకా వాటివే. మీ సెల్లార్‌లోకి వచ్చేది చాలావరకు ఎలుకల కోసం వచ్చే జెర్రిపోతు అయి ఉంటుంది. కానీ ఏ పామో పోల్చుకునే పని నీది కాదు. దూరంగా నిలబడి అది ఎటు వెళుతున్నదో చూస్తూ, అటవీశాఖకో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ కార్యకర్తలకో కబురు చేయండి. పామును చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎలుకల కోసం జిగురు అట్టలు మాత్రం పెట్టించవద్దు. బల్లులూ, పిచ్చుకలూ కూడా వాటికి అంటుకుని రోజుల తరబడి చస్తాయి.

పక్షుల విషయంలో నీకు నచ్చని మాట ఒకటి చెబుతాను. బాల్కనీలో పావురాలకు గింజలు వేయకు. వాటికి మన సాయం అక్కరలేదు, అవి మన కట్టడాల్లోనే వర్ధిల్లుతున్నాయి. ఎండిన రెట్టల ధూళి ఏళ్ల తరబడి పీల్చినవారిలో కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది. పై ఫ్లాట్‌లో ఆయాసంతో ఉన్న పెద్దాయన నీ గింజల కారణంగా వల కట్టించుకుంటే, ఆ వల వదులుగా ఉంటే, అందులో చిక్కుకుని చచ్చేవి కూడా ఆ పావురాలే. ఆ ముచ్చట పిచ్చుకల మీద తీర్చుకో. మన ఇళ్ల చూరుకు కట్టినట్టు ఒక వరి కంకుల కుచ్చు బాల్కనీలో వేలాడదియ్యి, చుట్టూ ఉన్న కుండీలకు పురుగుమందు కొట్టకు. పిచ్చుక పిల్లలు గింజలు తినలేవు, వాటికి పురుగులే ఆహారం. వేసవిలో నీళ్లకు వెడల్పాటి మట్టి మూకుడు పెట్టి, అంచుకు రాయి ఒకటి వేసి, రోజూ నీళ్లు మార్చి, రెండు మూడు రోజులకోసారి కొబ్బరి పీచుతో అంచులు రుద్ది కడుగు. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోసినంత మాత్రాన పోవు.

మీ అత్తగారికి రామచిలుకను పెంచుకోవాలని ఉందని రాశావు. మన దేశపు చిలుకను పట్టడమూ, అమ్మడమూ, పంజరంలో పెట్టడమూ నేరమని సౌమ్యంగా చెప్పు. ఆంధ్రప్రదేశ్ 2018 నుంచి దాన్నే రాష్ట్ర పక్షిగా పెట్టుకుందని చెబితే ఆవిడ, విజయవాడ మనిషి, వింటుందేమో.

సంక్రాంతికి మేడ మీద పిల్లలు ఎగరేసే గాలిపటాల దారం నూలుదేనా చూడు. నైలాన్ మాంజాను 2017లోనే నిషేధించారు, అయినా దొరుకుతూనే ఉంది. పండగ అయిన మర్నాడు చెట్లకు చిక్కిన దారాలను మీ కుర్రాళ్ల చేత చుట్టి తీయించు, ఎందుకంటే గద్దలూ గబ్బిలాలూ నెలల తరువాత కూడా వాటిలో చిక్కుతాయి. గాయపడిన పక్షి దొరికితే దారం లాగకుండా చుట్టూ కత్తిరించి, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో చీకటిగా ఉంచి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. నోట్లో నీళ్లు పోయకూడదు. చలికాలం పొద్దున కారు తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు తట్టమని మీ ఆయనకు చెప్పు, వెచ్చదనానికి పిల్లులు ఇంజను పక్కకు చేరతాయి.

వచ్చే ఆదివారం నేను వస్తాను. అటకమీద మన పాత మట్టి మూకుళ్లు రెండున్నాయి, అవి తెస్తాను. ఈలోగా పిల్లల్లో ఆడవెన్నో మగవెన్నో వాచ్‌మన్‌ను అడిగి రాసిపెట్టు. ఆ కార్యదర్శి గారిని కూడా ఆదివారం పొద్దున టీకి పిలువు, అర్జీ మీద మొదటి సంతకం ఆయనతోనే పెట్టిద్దాం.

ఇట్లు,
మీ మావయ్య